ఎడమవైపు ఆకాశంలో పిట్ట

నర్సీపట్నంలో మా బడి డ్రాయింగు గదిలో, నల్లబల్ల పక్కన, అద్దం బిగించిన పటం ఒకటి ఉండేది. పటం అంటే నిజానికి క్యాలెండరు. ఎరువుల కొట్టువాళ్ళు ఏదో ఏడాది పంచిపెట్టింది. డ్రాయింగు సారు దాన్ని మాకవరపాలెం దగ్గర వాళ్ళమ్మగారి ఇంట్లోంచి తెచ్చుకున్నారు. ఆవిడ పోయాక ఇల్లు ఖాళీ చేస్తుంటే గోడకి కనిపించిందట. కింద నెలలూ తారీకులూ కత్తిరించేసి, బొమ్మ వరకే ఉంచి ఫ్రేము కట్టించారు. అందులో ఒక ఏరు, ఏటి ఒడ్డున నాలుగు ఆవులు, వెనక కొండ, ఆ పైన బోలెడంత ఆకాశం. ఆకాశంలో ఎడమవైపు ఒక పిట్ట. గింజంత పిట్ట.

అసలు బొమ్మ ప్యారిస్‌లో ఒక పేరుమోసిన మ్యూజియంలో ఉంది. ఆ సంగతి సారు ఏడాదికి ఎన్నిసార్లు చెప్పేవారో లెక్కలేదు. ఆవుల గురించి రెండు ముక్కలు, ఏటి గురించి రెండు ముక్కలు చెప్పి, మిగతా పీరియడంతా పిట్టకే కేటాయించేవారు. అంత ఆకాశం ఖాళీగా వదిలేసి ఒక్క పిట్టనే ఎందుకు వేశాడు? ఎడమవైపే ఎందుకు వేశాడు? ఆ పిట్ట చుట్టూ లేత పసుపురంగు ఎందుకుంది? అది సాయంకాలపు ఎండ అని సారు చెప్పేవారు. రెక్క మీద పడి చెదిరిన ఎండ. అలాంటి ఎండ వెయ్యడం మామూలు చెయ్యికి సాధ్యం కాదనేవారు. మేం పసుపు క్రేయాను తీసి పిట్ట చుట్టూ సున్నా చుట్టేవాళ్ళం.

పరీక్షలో ఆ బొమ్మే ఇచ్చేవారు. పిట్ట వెయ్యకపోతే రెండు మార్కులు కోత. మా అన్నయ్య తన కాలంలో ఆవులు మహా బాగా వేసి పిట్ట మరిచిపోయాడు. ఇప్పటికీ ఇంట్లో ఎవరు ఏది మరిచిపోయినా వాడు ఆ రెండు మార్కులూ తవ్వి తీస్తాడు.

నేను తొమ్మిదిలో ఉండగా జిల్లాలో వ్యాసరచన పోటీ పెట్టారు. విషయం, నాకు నచ్చిన బొమ్మ. గెలిచినవాళ్ళని విదేశాలకు తీసుకెళ్తారని ఎవరో అంటే, అరకు తీసుకెళ్తే అదే పదివేలు అనుకున్నాం. నేను పిట్ట గురించి రాశాను. ఆరు పేజీలు. అది గుంపులోంచి తప్పిపోయిందని, చీకటి పడేలోగా గూటికి చేరాలని దానికి ఆత్రంగా ఉందని, ఆవులు నాలుగున్నా దానికి తోడు కావని, ఇంకా ఏవేవో. ఇప్పుడు చదివితే సిగ్గేస్తుంది గానీ అప్పుడు రాస్తూ రాస్తూ నేనే ఏడ్చాను. పోటీకి జడ్జీ విద్యాశాఖలో పనిచేసే ఒక మేడమ్ గారు. నా కాగితం మీద ఆవిడ ఎర్ర సిరాతో రాసిన మాటలు నాకు కంఠతా వచ్చు: పక్షి విషయంలో లోతైన పరిశీలన, ఈ పక్షిని నేనూ గమనించియున్నాను. కింద సంతకం, స్టాంపు.

మొదటి బహుమతి నాకే. విదేశాల మాట కూడా నిజమే అయింది. మొత్తం పదకొండుమంది పిల్లలం, తోడు ఆ మేడమ్ గారు, మా డ్రాయింగు సారు. ప్యారిస్ మ్యూజియంలో ఆ బొమ్మ ముందు నిలబడి నేను పిట్ట గురించి మూడు నిమిషాలు మాట్లాడాలి, మేడమ్ గారు తన ఫోనులో వీడియో తీసి పైకి పంపాలి. అదీ ఏర్పాటు. మా నాతవరంలో వీడియో కోసం కాచుక్కూర్చున్నవాళ్ళు ఎంతమందో తలుచుకుని, ఆ మూడు నిమిషాలూ రోజూ అద్దం ముందు అప్పజెప్పుకునేదాన్ని.

అంతా బానే ఉంది గానీ, బయల్దేరే ముందు మామయ్య ఫోనులో ఆ బొమ్మ వెతికి చూశాను. ఏరుంది, ఆవులున్నాయి, కొండుంది. పిట్ట లేదు. పరుగున సారు దగ్గరకెళ్ళి చూపించాను. ఆయన ఫోను వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. "ఫోన్లో సిన్న సిన్నవి పోతాయమ్మా. అసలు బొమ్మ దగ్గరకెళ్తేనే కనపడుద్ది," అన్నారు. అంత నమ్మకంగా చెబితే ఇంకేం అంటాం. అయినా మనసులో ఒక మూల పీకుతూనే ఉంది. పిట్ట లేకపోతే నేను ఆరు పేజీల అబద్ధం రాసి విమానమెక్కినదాన్ని అవుతాను. సారు సంగతి సరేసరి.

మా పదకొండుమందిలో చింతపల్లి పైన కొండల్లోంచి వచ్చిన పిల్ల ఒకతి ఉండేది. వాళ్ళింట్లో అడవిలో తేనె, చింతపండు ఏరి సంతకి తెస్తారు. పిట్టని చూడకుండా కూత విని పేరు చెప్పగలదు. విమానంలో నా పక్క సీటే. నేను బడి పటాన్ని ఫోటో తీసుకుని తెచ్చుకున్నాను. మామయ్య నాతో పంపిన ఫోనులో దానికి గొప్పగా చూపించాను. ఆ పిల్ల ఫోటోని పెద్దది చేసి, అటు తిప్పి ఇటు తిప్పి, తిరిగి నా చేతిలో పెట్టింది.

"అది పిట్ట కాదే," అంది. "తోక లేదు, ముక్కు లేదు. ఏ పిట్టయినా అలాగ గుండ్రంగా ఎగురుద్దేటి?"

నేను మిగతా దారంతా దాంతో మాట్లాడలేదు. దిగేదాకా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. కిటికీ దాని వైపు ఉండటం వల్ల అది నాకు పెద్ద చిక్కయిపోయింది.

మ్యూజియం రోజు పొద్దున్నే మేడమ్ గారు పట్టుచీరా, తెల్ల బూట్లూ వేసుకుని తయారయ్యారు. సారు మాకందరికీ పసుపు టోపీలు పెట్టించారు. లోపల అడుగు పెట్టగానే నాకు అర్థమయిందేమిటంటే, ఒక బొమ్మ కోసం మా ఊరి నుంచి ఎంత దూరం వచ్చామో, లోపలికొచ్చాక కూడా అంత దూరం నడవాలి. గది తర్వాత గది. ఒకచోట చేతుల్లేని రాతి మనుషులు వరసగా నిలబడి ఉంటే, మేడమ్ గారు కళ్ళు దించుకుని బేగి నడవండి నడవండి అని తోలుకుపోయారు. వాళ్ళ ఒంటి మీద బట్టలు కూడా లేవు మరి. ఇంకోచోట అందరూ చూడాలని వచ్చే ఒక చిన్న బొమ్మ ముందు సంతరోజు జనంలా జనం. మాకు ఆ జనం వీపులు బాగా కనిపించాయి.

కాళ్ళు పీకి ఒక బెంచీ మీద కూలబడ్డాం. ముగ్గురు కూర్చునే బెంచీ అది. నాతవరం షేర్ ఆటోలో రోజూ వచ్చేదాన్ని నేను, సర్దుకోవడం నాకొకరు నేర్పాలా. ఒకరు ముందుకి, ఒకరు వెనక్కి జరిగి, ఎనిమిదిమందిమి పట్టాం. ఎదుటి గోడకున్న రాజుగారి బొమ్మని వదిలేసి జనం మమ్మల్నే ఫోటో తీసుకున్నారు.

చివరికి మా బొమ్మ ఉన్న గది వచ్చింది. సారు గుమ్మం దగ్గరే ఆగిపోయారు. జేబులోంచి దువ్వెన తీసి తల దువ్వుకున్నారు. చొక్కా గుండీ సరిచేసుకున్నారు. పెళ్ళిచూపులకు వచ్చిన పెళ్ళికొడుకు కూడా అంత బెరుగ్గా ఉండడు. మమ్మల్ని ముందు పంపకుండా తనే ముందు నడిచి, బొమ్మ ఎదుట నిలబడి, నేరుగా ఎడమవైపు ఆకాశం చూశారు.

నేనూ చూశాను. బొమ్మ మా పటానికి పదింతలుంది. ఆవుల ముక్కు మీద తడి కూడా కనిపిస్తోంది. ఆకాశం నీలంగా, తెల్లగా, శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా అంటే, ఇప్పుడే ఎవరో తుడిచి వెళ్ళినట్టుంది.

సారు కళ్ళజోడు తీసి తుడిచి పెట్టుకున్నారు. ఎడమవైపు జరిగారు. కుడివైపు జరిగారు. వంగి చూశారు. మునివేళ్ళ మీద లేచి చూశారు. ఇరవై ఏళ్ళు అదే పాఠం చెప్పి, ఎందరెందరి మార్కులో కోసిన మనిషి, పిల్లల ముందు అలా నిలబడిపోయారు.

"కనపడిందా అమ్మా?" అని నన్ను అడిగారు. గొంతు బాగా చిన్నదైపోయింది.

నాకొక పాడు గుణం ఉంది. లేనిది ఉందనమంటే నోరు రాదు. కనపడిందని ఒక్క ముక్క అంటే పోయేది. "లేదు సార్," అన్నాను. ఆయన తల ఊపి మళ్ళీ బొమ్మ వైపు తిరిగారు. ఆ తల ఊపడం నాకు ఇన్నేళ్ళయినా గుర్తొస్తే మనసు చివుక్కుమంటుంది.

మేడమ్ గారు మాత్రం అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. ఆ పక్షిని నేనూ గమనించియున్నాను అని స్టాంపు వేసి మరీ రాసిచ్చారాయె. ఆవిడ ఒక్క క్షణం ఆకాశం చూసి, గొంతు సవరించుకుని, ఉందండీ, కొంచెం పక్కనుంచి చూడాలి, లైటింగు వల్ల సరిగా తెలియట్లేదు అన్నారు. ఆవిడ అన్నాక పిల్లలకి కనపడకుండా ఎలా ఉంటుంది. ఒకడికి కనపడింది. వాడి పక్కవాడికి రెండు కనపడ్డాయి. పసుపు టోపీలన్నీ ఒకే మూలకి మెడలు సాచి వేళ్ళు చూపించడం మొదలుపెట్టాయి.

పదిమంది ఒకవైపు చూస్తుంటే పదకొండోవాడు ఆగకుండా పోడు. ప్యారిస్ అయినా అంతే, మా నర్సీపట్నం అబీద్ సెంటరయినా అంతే. ముందు ఒక ముసలాయన ఆగి కళ్ళజోడు మార్చుకుని చూశాడు. తర్వాత ఒక కుటుంబం, చంకలో పిల్లతో సహా ఆగింది. ఆ తర్వాత చిన్న జెండా పట్టుకున్న గైడమ్మ ఒకావిడ ఇరవైమందిని వెంటేసుకుని వచ్చింది. ఆవిడ బొమ్మ గురించి ఏదో చెప్పబోయి, జనమంతా ఎడమ మూల చూస్తుండటం గమనించి, తనకి తెలియని విషయం ఉందంటే బాగుండదనుకుందో ఏమో, తనూ జెండాతో ఆ మూలే చూపించి చెప్పడం మొదలుపెట్టింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ ఇరవైమందీ మాత్రం ఓహో అని ఖాళీ ఆకాశాన్ని ఫోటోలు తీసుకున్నారు.

మేడమ్ గారికి ధైర్యం వచ్చింది. ఇదే సమయం అని ఫోను తీసి, నన్ను బొమ్మ పక్కన నిలబెట్టి, రికార్డు నొక్కారు. ఊఁ, మొదలుపెట్టమ్మా, పక్షి, అన్నారు. నేను నోరు తెరిచాను. తెరిచి, సారు వైపు చూశాను. ఆయన ఒక పక్కగా నిలబడి నేల చూస్తున్నారు.

అప్పుడే ఆ గదికి కాపలా ఉండే ఆవిడ వచ్చింది. నల్లకోటు, పొట్టి జుట్టు, మా పెద్దమ్మ వయసు. గుంపు ఏమిటని ఆవిడ భాషలో అడిగింది. ఎవరికీ అర్థం కాకపోతే, తన ఫోను తీసి అందులోకి మాట్లాడింది. ఫోను తెలుగులో, రైల్వే స్టేషను గొంతుతో, గట్టిగా అడిగింది: "మీరు దేని కోసం చూస్తున్నారు?"

నేను బడి పటం ఫోటో తీసి ఆవిడకి చూపించాను. పిట్ట మీద వేలు పెట్టాను. ఆవిడ పిట్టని పెద్దది చేసింది. పిట్ట చుట్టూ ఉన్న పసుపు ఎండని ఇంకా పెద్దది చేసింది. ఉన్నట్టుండి ఆవిడ మొహం విప్పారింది. నవ్వుతూ తన ఫోనులోకి ఏదో చెప్పింది. గదిలో అందరూ వింటుండగా, మేడమ్ గారి వీడియో నడుస్తుండగా, ఆ రైల్వే గొంతు ప్రకటించింది.

"ఇది పక్షి కాదు. ఇది వంట నూనె. నా తల్లి గోడ మీద కూడా చాలా ఉన్నాయి."

కొండపిల్ల నా వైపు చూసింది గానీ, మంచిది, వెంటనే టోపీ కళ్ళ మీదకి లాక్కుంది.

నాకు ముందు ఒళ్ళు మండిపోయింది. గుంపులోంచి తప్పిపోయిందనీ, చీకటి పడుతోందనీ ఆరు పేజీలు ఏడ్చి రాసింది నూనెచుక్క కోసమా. సారు మీద అరవాలనిపించింది. అరిచేదాన్నే. కానీ ఆయన నా చేతిలోంచి ఫోను తీసుకుని, కళ్ళజోడు నుదుటి మీదకి నెట్టి, ముక్కు తగిలేంత దగ్గరగా పెట్టుకుని చూస్తున్నారు.

"ఆవగింజ," అన్నారు. మళ్ళీ చూసి, "మా యమ్మ పోపు," అన్నారు.

ఎవరితోనో తెలియదు, చెప్పుకుంటూ పోయారు. వాళ్ళమ్మ మూకుడు మీద మూత పెట్టేది కాదట. పెట్టమంటే, పోపు వేగింది లేంది సూసుకోవద్దా అనేదట. ఆవాలు చిటపటలాడి గోడకెగిరేవట. క్యాలెండరు సరిగ్గా పొయ్యి పక్కన మేకుకి ఉండేదట. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తను దాని వైపు చూసింది లేదు, ఆవిడ పోయాక దించినప్పుడే మొదటిసారి చూశారు. అప్పటికే పిట్ట ఉంది.

"ఇన్నేళ్ళూ మా యమ్మ పోపుగింజకి పాఠం సెప్పేనమ్మా," అన్నారు నాతో. కళ్ళలో నీళ్ళు, మూతి మీద నవ్వు. రెండూ ఒకేసారి ఉంటే చూడటం కష్టం. నాకు ఏడుపొచ్చేసింది. కాపలా ఆవిడ ఎందుకో ఏమిటో తెలియకపోయినా సారు భుజం తట్టింది.

మేడమ్ గారు రికార్డు ఆపి, ఆ వీడియో చెరిపేసి, పైకి ఇలాంటివి పంపితే బాగోదని, నువ్వు ఆవుల గురించి మాట్లాడమ్మా అన్నారు. ఆవులకేం, మా ఇంట్లో మూడున్నాయి. ఆ నాలుగింటిలో ఏది చూలుతో ఉందో, ఏది పొడిచే రకమో, ఏటి నీళ్ళు తాగడానికి ఏది వెనకాడుతోందో మూడు నిమిషాలు గుక్కతిప్పుకోకుండా చెప్పాను. మేడమ్ గారు ఆవుల విషయంలో కూడా లోతైన పరిశీలన ఉందన్నారు. ఈసారి స్టాంపు వెయ్యలేదు.

తిరుగు విమానంలో కొండపిల్ల కిటికీ సీటు నాకిచ్చింది. దారిలో ఒక్కసారి మాత్రం, పోపని నానూ అనుకోలేదే, పేడపురుగు అనుకున్నాను అంది.

ఊరికొచ్చాక ఆ పదకొండుమందిలో మా బడివాళ్ళెవరూ నోరెత్తలేదు. సారు పరువు మా చేతుల్లో ఉందని ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలుసు. కానీ సోమవారం మొదటి పీరియడులో ఆయనే స్టూలు వేసుకుని పటం దించి, బల్ల మీద పెట్టి, క్లాసంతటికీ ఉన్నదున్నట్టు చెప్పేశారు. పిట్ట వెయ్యనందుకు కోసిన మార్కులు ఎవరివైనా సరే, వచ్చి అడిగితే కలుపుతానన్నారు. క్లాసు పడీపడీ నవ్వింది. ఆయనా నవ్వారు. మా అన్నయ్య మర్నాడే పాత ప్రోగ్రెస్ రిపోర్టు పట్టుకుని పోయి, ఎర్ర సిరాతో రెండు మార్కులు కలిపించుకుని, సంతకం పెట్టించుకుని వచ్చాడు. వాడికప్పటికి పెళ్ళి కుదిరింది.

ఆ సోమవారమే నవ్వులన్నీ అయ్యాక సారు పటం వెనక మేకులు ఊడదీసి, అద్దం తీశారు. తడిగుడ్డ పక్కన పెట్టుకున్నారు. తుడిచేస్తారనుకున్నాం. ఆయన గుడ్డ ముట్టుకోలేదు. వంగి, ఎడమవైపు ఆకాశం దగ్గర ముక్కు పెట్టి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చారు.

"పోపు వాసన ఇంకా వత్తంది," అన్నారు. "సూడండి కావాలంటే."

అందరం వరసలో నిలబడి ఒకరి తర్వాత ఒకరం వాసన చూశాం. కొందరు నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తారు. నా వంతు వచ్చింది. వంగి పీల్చాను. పాత కాగితం వాసన, సున్నం వాసన, ఫ్రేము చెక్క వాసన. ఇంకేమీ లేదు. తల ఎత్తితే సారు నా మొహంలోకే చూస్తున్నారు, ప్యారిస్‌లో అడిగినప్పుడు చూసినట్టే.

"వస్తోంది సార్," అన్నాను. "కరివేపాకు కూడా."